ఆరు చేతుల తండ్రి

జపాను దేశమందలి నారా నగరమున, కోఫుకుజి యను బౌద్ధాలయమునందు, చెట్టు జిగురుతో బట్టపొరలను అతికించి క్రీ.శ. 734లో నిర్మించిన మూడు ముఖములు, ఆరు చేతులు గల విగ్రహ మొకటి కలదు. దానిని ఆ దేశస్థులు ‘అషుర’ యందురు. మన పురాణములలో దేవతలకు పగవాడైన అసురుడే, బౌద్ధముతోపాటు చైనా మీదుగా సముద్రము దాటిపోయి, అచ్చట ధర్మమును కాపాడు ఎనిమిది గణములలో చేరి, ముడివడిన కనుబొమలతో, పసితనము వీడని ముఖముతో, చేతులు జోడించి నిలిచియున్నాడు. కోపమును దుఃఖమును ఒకే ముఖమున కలిపిన ఆ శిల్పమును తలచినప్పుడెల్ల నాకు 2012లో వెలువడిన ‘అసురాస్ రాత్’ అను వీడియో గేమ్ జ్ఞప్తికి వచ్చును.

దీనిని నిర్మించినది ఫుకుఓకా నగరమందలి సైబర్‌కనెక్ట్2, ప్రచురించినది కాప్‌కామ్. ‘నరుటో’ వంటి యానిమే కథలను, అనగా జపాను బొమ్మల చిత్రకథలను, ఆటలుగా మలచుటలో అప్పటికే చేయితిరిగిన ఆ శిల్పులు, ఈ ఆటను సాక్షాత్తు టీవీ సీరియల్‌వలె ఎపిసోడ్లుగా విభజించి, ప్రతి భాగము చివరను రాబోవు కథను రేఖామాత్రముగ చూపి ముగించిరి. ఆడువాడు కొంతసేపు పోరాడును, కొంతసేపు చూచును. చూచుచుండగనే తెరపై ఒక గుర్తు మెరసినచో, క్షణములో ఆ బటన్ నొక్కవలెను. ఈ పద్ధతి 1983 నాటి ‘డ్రాగన్స్ లెయిర్’లోను, 1999 నాటి ‘షెన్‌మూ’లోను ఉన్నదే.

క్రొత్తదనము వేరొకచోట నున్నది. సామాన్యముగా ఇట్టి ఆటలలో శత్రువు ప్రాణబలము తరుగుచు తరుగుచు శూన్యమైనపుడు జయము లభించును. ఇందులోనో, పెద్ద శత్రువులతో పోరునప్పుడు, నిండవలసినది మన నాయకుడైన అసురుని క్రోధము! కొట్టిన కొలది తెరపై నొక పట్టీ నిండుచు వచ్చి, నిండినంతనే ఒక బటన్ నొక్కగా, ఆ కోపము కట్టలు తెంచుకొని కథను ముందునకు నడపును. వైజన్ అను సేనాని భూగోళమంతటి దేహమును దాల్చి, ఆకాశమునుండి ఒక్క వ్రేలితో అసురుని నలిపివేయబోగా, ఆరు చేతులతో ఆ వ్రేలిని ఎదిరించు ఘట్టమున, మన బొటనవ్రేలును ఎడతెగక బటన్‌ను మోదుచుండును; చేతులు పగిలిపోవుచున్నను అతడు వెనుదీయడు, మనమును వెనుదీయలేము. ఇది ఆట కాదు, నడుమ నడుమ బటన్ నొక్కించు సినిమా యని ఆనాడు పలువురు ఆక్షేపించిరి. ఆ మాటతో నేను ఏకీభవింపను; పరుని కోపమును మన చేతివ్రేళ్లలోనికి దింపుట సినిమాకు సాధ్యము కాని పని.

ఆ కోపమునకు మూలము మిక్కిలి సామాన్యము. తోడి సేనానులు చక్రవర్తిని తామే చంపి, నేరము అసురునిపై మోపి, భార్యను హతమార్చి, కుమార్తె మిత్రను చెరగొనిరి. పన్నెండువేల యేండ్ల పిదప అతడు మేల్కాంచును. ఆ భార్య పేరు దుర్గ; మహిషాసురమర్దినిని కొలుచు మనకు అసురపత్నికి ఆ పేరుండుట విస్మయము గొల్పును. అయినను ఈ ఆటలోని నరకము, మంత్రము, యక్షుడు జపానుభాషలో మారిన ‘యాష’, ఇవన్నియు పొరుగూరికి కాపురము పోయి చిరకాలమునకు తిరిగివచ్చిన చుట్టములవలె కనబడును. లోభము ఆగస్ అను సేనానికి, విషాదము యాషకు, క్రోధము అసురునికి స్వభావములుగా నిచ్చిన రచయితలు, అరిషడ్వర్గములలో నొకటియని మనము నిందించు క్రోధమును బిడ్డ కన్నీటికి తాళలేని ప్రేమగా చూపగలిగిరి.

అసలు ముగింపును డిస్కులో నుంచక వేరుగా విక్రయించుట మాత్రము క్షమింపరాని లోపము. ఏలయన కథ కంతకు ప్రాణము అందే యున్నది. మంత్రశక్తికి మూలమైన చక్రవర్తిన్ అను దైవమే తుదిశత్రువు. ఆ మూలము నశించినచో అసురుడును నిలువడు. మిత్ర అది ఎరుగును. ఎవరి కన్నీరు తుడువ వలెనని అతడు ఇన్ని యుగములు పోరాడెనో, ఆ బిడ్డయే తుదకు అతని యెదుట కంటతడి పెట్టును.