యోగాసనములు - మన యెముకలు

ఐక్యరాజ్యసమితి 2014వ సంవత్సరమున చేసిన తీర్మానము ననుసరించి, 2015 మొదలుకొని ఏటేట జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినముగా జరుపుకొనుచున్నాము. ఆనాటి ఉదయమున మన పాఠశాలల ఆటస్థలములందు బాలబాలికలు బారులు తీరి ఆసనములు వేయుదురు. అట్టి బారు నొకదానిని ఊహింపుడు. ఉపాధ్యాయులు పద్మాసనము వేయుడనిరి. ఒక బాలిక కుడిపాదమును ఎడమతొడపైకిని, ఎడమపాదమును కుడితొడపైకిని అవలీలగా చేర్చి, మోకాళ్లు రెండును నేల కానునట్లు కూర్చుండెను. ఆమె ప్రక్కనున్న బాలుని మోకాలు మాత్రము నేలకు జానెడెత్తున నిలిచిపోయినది. "అభ్యాసము చాలదు, ఇంకను వంచుము" అనుచు ఎవరో ఆ మోకాలిపై చేయి వైచి అదుమబోయిరి. ఆ చేయి అదుమవలెనా, ఆగవలెనా? సమాధానము ఆ బాలుని తుంటికీలులో నున్నది.

మన శరీరమున ఎముకలు కలిసిన చోటును కీలు అందురు. కీళ్లన్నియు ఒక్కతీరున కదలవు. మోకాలు తలుపు బందు వంటిది. కాలిని వెనుకకు మడచుట, తిరిగి చాచుట దాని ముఖ్యమైన పని. మడచినపుడు కొంచెము ప్రక్కలకు తిరుగును గాని ఆ తిరుగుడు స్వల్పము. తుంటికీలు అట్లు గాదు. తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగానుండి, కటియెముక యందలి గిన్నెవంటి గుంటలో ఇమిడియుండును. అందుచే తొడ అన్ని దిక్కులకు కదలుటయేగాక తనచుట్టు తాను తిరుగగలదు. దీనిని మీరే పరీక్షించి చూడవచ్చును. నేలపై కూర్చుండి, ఒక కాలు తిన్నగా చాచి, తొడపై అరచేయి నుంచి, పాదమును లోపలికిని వెలుపలికిని త్రిప్పుడు. పాదముతోబాటు తొడయంతయు దొరలుచుండుట చేతికి తెలియును. పైన తుంటియొద్ద బంతి గిన్నెలో తిరుగుచున్నదన్నమాట.

పద్మాసనమునకు కావలసిన తిరుగుడు ముఖ్యముగా ఇచ్చటనుండియే రావలెను. తొడ వెలుపలికి చాలినంత తిరిగినచో మోకాలు కేవలము మడతపడి క్షేమముగా నుండును. తొడ తిరుగుట నిలిచిపోయిన పిమ్మటకూడ పైనుండి అదిమినచో, ఆ బలము పోయి మోకాలిపై పడును. మోకాలి యెముకల నడుమ అర్ధచంద్రాకారముగల మృదులాస్థి బిళ్లలు రెండు కలవు. నడచునపుడు, దుముకునపుడు కలుగు అదురును అవి భరించును. మెలిపెట్టిన మోకాలిలో ఆ బిళ్లలు నలిగి చిరుగవచ్చును. వాని లోపలి యంచులకు రక్తనాళములు లేవు. రక్తము చేరని చోట గాయము మానుట కష్టము. చర్మముపై పడిన గీత కొలది దినములలో మాసిపోవును. ఈ చిరుగు ఏండ్ల తరబడి బాధింపవచ్చును.

ఇక ఆ గిన్నె సంగతి. అది అందరికిని ఒకే లోతున, ఒకే దిశకు తెరచుకొని యుండదు. తొడయెముక మెడవంపుకూడ మనిషి మనిషికి మారును. కొందరికి తొడ ఎంతో దూరము తిరిగినగాని ఎముకకు ఎముక తగులదు. కొందరికి త్వరలోనే తగులును. కండరము బిగిసి అడ్డుపడుచున్నచో, నెమ్మదిగా నెలల తరబడి చేయు అభ్యాసముచే అది సడలును. ఎముకకు ఎముక తగిలి ఆగినచో ఏ అభ్యాసమును దానిని సడలింపజాలదు. వెలుపలినుండి చూచువానికి ఈ రెండును ఒక్కతీరుగానే కనబడును. కావున బోధించువాడు "ఎచ్చట పట్టుచున్నది?" అని అడుగవలెను. తొడ లోపలివైపున లాగుచున్నదని బాలుడు చెప్పినచో అది సాధారణముగా కండరము, ఓపికతో సాగవచ్చును. మోకాలిలో నొప్పి యనినను, గజ్జయొద్ద నొక్కుకొనిపోవుచున్నదనినను వెంటనే ఆపవలెను. నూరు ఆసనముల పేర్లు వల్లించు గురువుకంటె ఈ ఒక్క ప్రశ్న అడుగనేర్చిన గురువే నా దృష్టిలో మిన్న.

చర్మము చాటున నున్నదానిని కన్నులార చూడవలెనను కోరిక మన దేశమున క్రొత్తది కాదు. శవమును గడ్డితో చుట్టి, పంజరములో నుంచి, పారు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట కుంచెవంటి సాధనముతో పొరపొరగా తొలగించుచు పరిశీలింపవలెనని సుశ్రుత సంహిత బోధించుచున్నది. ఆ గ్రంథము ఎముకలను 300 అని లెక్కించినది. పెద్దవారి శరీరమున 206 ఎముకలని నేటి శాస్త్రము చెప్పును. దంతములను, కొన్ని మృదులాస్థులనుకూడ చేర్చుటచే ప్రాచీనుల లెక్క పెరిగినది. 19వ శతాబ్ది మధ్యభాగమున స్వామి దయానంద సరస్వతి గంగాతీరమున సంచరించుచు, నదిలో కొట్టుకొనివచ్చుచున్న శవము నొకదానిని చూచిరి. తమయొద్దనున్న హఠయోగ గ్రంథములలోని నాడీచక్రముల వర్ణన నిజమా కాదా అను సందేహము వారిని చిరకాలముగా బాధించుచుండెను. నీటిలో దిగి శవమును ఒడ్డునకు చేర్చి, కత్తితో కోసి, గ్రంథములతో పోల్చి చూచి, పోలిక కానరాక, ఆ పుస్తకములను చించి శవముతోబాటు నదిలో పారవైచితినని వారు స్వీయచరిత్రమున వ్రాసికొనిరి. చక్రములు ధ్యానమునకేగాని కత్తికి దొరకునవి కావని చెప్పువారును కలరు. ఆ వివాద మట్లుండనిండు. సందేహము తీర్చుకొనుటకు నీటిలో దిగిన ఆ సాహసము మాత్రము మెచ్చదగినది. తరువాత 1924లో స్వామి కువలయానంద మహారాష్ట్రమందలి లోనావ్లాలో కైవల్యధామమును స్థాపించి, ఉడ్డియానము, నౌళి మొదలగు క్రియల సమయమున దేహములోపల నేమి జరుగుచున్నదో ఎక్స్‌రే చిత్రములతోను, పీడనమాపకములతోను పరీక్షించిరి. అప్పటికి కత్తియు, శవమును అక్కరలేకపోయినవి. జీవించియున్న మనుష్యునిలోనే చూడ వీలయినది.

శీర్షాసనము విషయమున ఈ జ్ఞానము మరింత అవసరము. తల వంచి, మెడ వెనుకభాగమును వ్రేలితో తడిమి చూడుడు. మెడ మొదట బొడిపెవలె తగులునది సాధారణముగా ఏడవ పూస. దానికి పైన ఆరు పూసలున్నవి. తల బరువు నాలుగైదు కిలోగ్రాములు; దానిని మోయుటకు ఈ ఏడు చిన్న పూసలు చాలును. నడుమునందలి అయిదు పూసలు వీనికంటె ఎంతో పెద్దవి, దళసరివి. మొండెము బరువు మోయుట వాని పని. తలక్రిందులుగా నిలిచినపుడు ఈ యేర్పాటు తారుమారగును. మోకాళ్లు, తొడలు, మొండెము, అన్నిటి బరువును చిన్న పూసలవైపు దిగివచ్చును. మెదడునకు రక్తము కొనిపోవు ధమనులు రెండు ఈ మెడపూసల రంధ్రములగుండ పోవుచున్నవని తెలిసినవాడు ఆ మెడను తేలికగా తలపడు. నేర్పరియగు గురువు బరువులో హెచ్చుభాగమును ముంజేతులపైకిని, భుజములపైకిని మరల్చును. మెడలో నొప్పిగాని, చేతులలో తిమ్మిరిగాని కలవారిని ఈ ఆసనమునకు పిలువనే పిలువడు. పుస్తకములోని బొమ్మ చూచి ఇంటియొద్ద గోడ నానుకొని దీనిని ప్రయత్నింపవలదు.

కష్టసాధ్యములగు ఆసనములే అపాయకరములని తలపరాదు. 1971లో అమెరికా వైద్యసంఘమువారి పత్రికలో ఒక వైద్యుడు ఒక యువకుని వృత్తాంతమును ప్రకటించెను. ఆ యువకుడు దినమునకు గంటల తరబడి వజ్రాసనమున కూర్చుండెడివాడు. కొంతకాలమునకు నడచుట, మెట్లెక్కుట కష్టమై, పాదము పైకెత్తలేక ఈడ్వసాగెను. కాలికి పోవు నరము ఒత్తిడిచే దెబ్బతిన్నది. ఆ కూర్చుండుట మానినపిమ్మట తేరుకొనెను. కొలది నిమిషములపాటు వజ్రాసనము చాలమందికి హాని చేయదు. ఒత్తిడి వదలక నిలుచుటయే అచ్చట కీడు చేసినది. కాలు తిమ్మిరెక్కుట ఆ నరము ముందుగా పంపు కబురు.

మీ వయస్సువారికి ఇంకొక విశేషము కలదు. మీ పొడవైన యెముకల కొనలయొద్ద మృదులాస్థి ఫలకములు ఇంకను మిగిలియున్నవి. ఎముక పొడవు పెరుగునది అచ్చటనే. యౌవనము ముగియునప్పటికి అవి ఎముకగా మారిపోవును. అంతవరకు ఆ చోటులు దృఢమైన యెముకకంటె బలహీనములు. వీపుపై నెక్కి నొక్కుట, కాళ్లు పట్టి లాగుట వంటి పనులు తోటివారికి చేయరాదనుటకు కారణమిది.

మన ఆటస్థలమునకు తిరిగి వత్తము. ఆ బాలుడు మోకాలిలో నొప్పి యనెను. ఉపాధ్యాయులు అదుమబోయిన చేతిని తొలగించి, అతని పాదములను తొడలపైనుండి దింపించి, సుఖాసనమున కూర్చుండుమనిరి. ఒక దుప్పటిని నాలుగు మడతలుగా మడచి అతని పిరుదుల క్రింద నుంచిరి. కూర్చున్న చోటు ఎత్తగుటచే కటి ముందునకు ఒరిగి, వెన్ను నిటారుగా నిలిచినది. ఇంతసేపును పైకి లేచియున్న మోకాళ్లు ఎవరును తాకకయే కొంత క్రిందికి దిగినవి.