కాపలా కెమెరాకు తగిన కటకము

సికిందరాబాదు నగరమున మారేడుపల్లి, పద్మారావునగరు మొదలగు పేటలలో పెక్కు గృహముల గుమ్మములపై నేడు చిన్న కెమెరాలు కనబడుచుండును. ఇంటివారు నిద్రించుచున్నను, ఊరికి వెళ్ళినను, అవి రేయింబవళ్ళు వాకిలిని కనిపెట్టియుండును. అయినను దొంగతనము జరిగిన పిమ్మట చిత్రమును పరిశీలించినప్పుడు, గేటు తెరచిన మనుష్యుడు కనబడునే గాని వాని ముఖము పోల్చుకొన వీలుపడకపోవుట కలదు. అట్టి చిత్రము వలన ప్రయోజనము స్వల్పము. ఈ లోపమునకు తఱచుగా కారణము కెమెరాలోని కటకమే.

కెమెరా ముందు భాగమున కటకమును, దాని వెనుక ప్రతిబింబము పడు చిన్న ఫలకమును ఉండును. దూరపు వస్తువు నుండి వచ్చు కిరణములు కటకము వెనుక ఎంత దూరమున కేంద్రీకరింపబడునో, ఆ దూరమునకు నాభ్యంతరమని పేరు. అది తక్కువయైన కొలది కనబడు ప్రదేశము విశాలమగును. ఎక్కువయైన కొలది ఆ ప్రదేశము ఇరుకగును, కాని అందలి వస్తువులు పెద్దవిగా కనబడును. గృహములలో అమర్చు కెమెరాలు పెక్కింటికి 2.8 మిల్లీమీటర్ల కటకముండును. అది ఆవరణమంతయు చూపును. దూరమున నున్న ముఖమును మాత్రము మిక్కిలి చిన్నది చేయును.

దీనిని లెక్కతో తెలిసికొనవచ్చును. ఫలకపు వెడల్పును గేటు దూరముతో హెచ్చించి నాభ్యంతరముచే భాగించినచో, కనబడు ప్రదేశపు వెడల్పు వచ్చును. ఫలకపు వెడల్పు 4.8 మిల్లీమీటర్లనియు, అందు అడ్డముగా 1920 చుక్కలు కలవనియు, గేటు 10 మీటర్ల దూరమున నున్నదనియు అనుకొందము. 2.8 మిల్లీమీటర్ల కటకమునకు సుమారు 17 మీటర్ల వెడల్పు కనబడును. ఒక్కొక్క మీటరునకు 112 చుక్కలే దక్కును. 16 సెంటీమీటర్ల వెడల్పుగల ముఖమునకు 18 చుక్కలు మాత్రమే లభించును. 8 మిల్లీమీటర్ల కటకమునకైనచో 6 మీటర్ల వెడల్పే కనబడును. అప్పుడు మీటరునకు 320, ముఖమునకు 51 చుక్కలు వచ్చును. అపరిచితుని గుర్తించుటకు మీటరునకు 250 చుక్కలుండవలెనని 2014లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము నిర్దేశించినది. కావున ఈ గేటునకు 8 మిల్లీమీటర్ల కటకము తగినది.

చూపును కుదించి సూక్ష్మమును గ్రహించుట సికిందరాబాదునకు క్రొత్తది కాదు. 1897 ఆగష్టు 20వ తేదీన, చేరువనున్న బేగంపేటలో, రోనాల్డ్ రాస్ దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా క్రిములను సూక్ష్మదర్శినితో కనుగొనెను. సూక్ష్మదర్శినిలో కనబడు చోటు మిక్కిలి చిన్నది. కాని ఆ చిన్న చోటనే కంటికి కానరానిది తెలియవచ్చినది. ఆ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

కటకమును మార్చుటకు ముందు కెమెరా అందుకు వీలైనదో కాదో చూచుకొనవలెను. పూర్తిగా మూసివేయబడినవానిలో మార్పు సాధ్యము కాదు. విప్పదగిన వానిలో తఱచుగా 12 మిల్లీమీటర్ల వ్యాసముగల మరచుట్ల కటకముండును. క్రొత్త కటకము ఫలకపు పరిమాణమునకు సరిపడనిచో చిత్రపు మూలలు నల్లబడును. బిగించునపుడు గేటువద్ద అక్షరములున్న కాగితమును నిలిపి, అక్షరములు స్పష్టపడువరకు కటకమును మెల్లగా త్రిప్పవలెను. రాత్రివేళ కెమెరా పరారుణ కిరణములతో చూచును. వానికి నాభి కొంచెము జరుగును గనుక, చీకటిలోను మరల పరీక్షించుట అవసరము. తరువాత వానచినుకులు చొరకుండ మూతను గట్టిగా బిగింపవలెను.

ఇరుకు కటకమువలన ఒక నష్టము, ఒక లాభము కలవు. ప్రక్కలనుండి వచ్చువాడు దానికి కానరాడు; కావున ఆవరణమునకు విశాల కటకముగల కెమెరా వేరొకటి ఉండుట మేలు. లాభమేమనగా, పొరుగువారి కిటికీలు, ముంగిళ్ళు చిత్రమునుండి తొలగిపోవును. ఆంతరంగికత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017లో తీర్పు చెప్పినది. తన ఇంటిని కాచుకొనువాడు పరుల ఇంటిలోనికి తొంగిచూడరాదు. ఏమి చూడవలెనో, ఏమి చూడరాదో ముందుగా నిశ్చయించుకొని, ఆ పిమ్మట కటకమును ఎన్నుకొనుట వివేకవంతుల లక్షణము.