మధ్య మెట్టు లేక కూలిన మిగ్‌లు

జహీరాబాద్ ప్రాంత రైతులకు జెట్ విమానాల మోత కొత్త కాదు. సరిహద్దు అవతల బీదర్‌లో వైమానిక దళ శిక్షణ కేంద్రం ఉంది. చేలో ఉన్నవారు తల ఎత్తి చూసేలోపే విమానం కనుమరుగవుతుంది. ఆ విమానాలు బీదర్‌కు రావడం వెనుక పెద్ద కథే ఉంది.

మిగ్-21 జెట్‌లు 1963లో మన వైమానిక దళంలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి. వీటి పరికరాలు కొన్ని హైదరాబాద్‌లోని హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌లోనే తయారయ్యేవి. 1971 యుద్ధంలో మంచి పేరు తెచ్చుకున్న ఈ విమానానికే ‘ఎగిరే శవపేటిక’ అన్న అపకీర్తి కూడా వచ్చింది. ఊరికే రాలేదు. మిగ్ రకాలన్నీ కలిపి 872 ఉండగా, 482 ప్రమాదాలు జరిగాయని 2012లో రక్షణ మంత్రి ఎ.కె.ఆంటోనీ పార్లమెంటుకు తెలిపారు. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు బలయ్యారు.

తప్పంతా యంత్రానిదేనా? నిజమే, దానికి రెక్కలు చిన్నవి, ఇంజను ఒక్కటే. గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో నేలకు దిగాలి. ఇంజనులో ఒక గద్ద పడినా ముప్పే. విమానాశ్రయాల చుట్టుపక్కల పశువుల కళేబరాలు పారవేయవద్దని చెప్పేది ఇందుకే.

కాని పెద్ద లోపం శిక్షణలో ఉంది. నిదానంగా ఎగిరే కిరణ్ విమానంపై నేర్చుకున్న కుర్రవాడిని ఎకాయెకి ధ్వనికి రెట్టింపు వేగంతో పోగల మిగ్‌లో కూర్చోబెట్టారు. ఎడ్లబండి తోలేవాడికి లారీ అప్పగించినట్లే. గురువు పక్కన ఉండేందుకు రెండు సీట్ల మిగ్ ఉండేది గాని, అదీ అంత దురుసుదే. మధ్యలో వేరే శిక్షణ జెట్ కావాలని నిపుణుల సంఘం 1982లోనే చెప్పింది. బ్రిటన్ హాక్ విమానాలకు ఒప్పందం కుదిరింది 2004లో. అవి బీదర్‌లో లాంఛనంగా వైమానిక దళంలో చేరింది 2008లో. ఢిల్లీలో దస్త్రం కదలడానికి 22 ఏళ్లు! ఆ కాలంలో పోయిన కుర్రవాళ్లలో ఎందరు బతికేవారో ఎవరు చెప్పగలరు?

హాక్‌లు వచ్చాక కూడా పాత మిగ్‌లు ఎగురుతూనే ఉన్నాయి. 2023 మే 8న రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్ జిల్లా బహలోల్‌నగర్‌లో ఒకటి ఇంటిపై కూలింది. పైలట్ పారాచూట్‌తో దిగి బతికాడు. ఆ ఊరి ఆడవాళ్లు ముగ్గురు చనిపోయారు.