ఆ వరుస ఎక్కడుంది? అమెరికాలో అక్రమ వలసలను తగ్గించే మార్గాలపై ఒక పరిశీలన

కొంతకాలం కిందట ఒక మిత్రుని ఇంట్లో దీపావళి విందు జరిగింది. భోజనాల దగ్గర మాట వలసల మీదికి మళ్ళింది. హెచ్-1బి వీసా మీద వచ్చి పన్నెండేళ్ళుగా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న ఒక ఇంజనీరు నన్ను అడిగాడు: “మనం వరుసలో నిలబడ్డాం కదండీ డాక్టరుగారూ, వాళ్ళు మాత్రం ఎందుకు నిలబడకూడదు?”

ఆ ప్రశ్నలో ద్వేషం లేదు. నియమం పాటించినవాడికే నష్టం జరుగుతోందన్న బాధ ఉంది. తల్లిదండ్రులకు జబ్బు చేసినా వీసా స్టాంపింగు భయంతో ఇండియా వెళ్ళలేకపోయినవారికి ఆ బాధ తెలుసు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అప్పుడు నాకు మరొక మనిషి గుర్తుకొచ్చాడు. జె-1 వీసా మీద రెసిడెన్సీ ముగించి, వైద్యులు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేసే షరతు మీద నేను వచ్చి స్థిరపడిన ఊరి చుట్టూ డెయిరీ ఫారాలున్నాయి. ఆవు తన్ని ముంజేయి విరిగిన ఒక పాలపనివాడు, పిండికట్టు విప్పే రోజున తనంతట తానే చెప్పుకొచ్చాడు. పద్దెనిమిదేళ్ళ కిందట సరిహద్దు దాటి వచ్చాడు. కాగితాలు లేవు. భార్య అమెరికన్ పౌరురాలు. “నేను నిలబడవలసిన వరుస ఎక్కడుందో ఇంతవరకూ ఎవరూ చూపించలేదు, డాక్టర్” అన్నాడు.

ఈ ఇద్దరి మాటలనూ పక్కపక్కన పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఒక దేశానికి తన సరిహద్దుల మీద అధికారం ఉండాలా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఉండాలి. ఏ ఉపాయం ఎంతవరకు పనిచేసింది, ఎందుకు విఫలమైంది అన్నదే ప్రశ్న.

ఒక పేరు, మూడు దారులు

చికిత్సకు ముందు రోగనిర్ధారణ జరగాలి. ‘అక్రమ వలస’ అన్న ఒకే పేరు కింద కనీసం మూడు వేర్వేరు పరిస్థితులున్నాయి.

మొదటిది, అధికారిక ప్రవేశద్వారాలు తప్పించుకుని సరిహద్దు దాటడం. ఇది నేరమే. మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు విధించగల చిన్న నేరం. దేశం నుంచి పంపించివేసిన తరువాత మళ్ళీ ప్రవేశిస్తే పెద్ద నేరమవుతుంది.

రెండవది, సక్రమంగా వీసా మీద వచ్చి గడువు దాటాక ఉండిపోవడం. చట్టం దృష్టిలో ఇది సివిల్ ఉల్లంఘన. శిక్ష జైలు కాదు, బహిష్కరణ. హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ లెక్క ప్రకారం 2023 ఆర్థిక సంవత్సరంలో విమానాల్లోనూ ఓడల్లోనూ వచ్చి తిరిగి వెళ్ళవలసినవారి సంఖ్య సుమారు 3.9 కోట్లు. వారిలో గడువు దాటినవారు ఒకటిన్నర శాతానికి లోపే. శాతంగా చూస్తే స్వల్పం, మనుషులుగా చూస్తే అయిదున్నర లక్షలకు పైమాట. వీరిలో ఎవరినీ సరిహద్దు గోడ ఆపలేదు.

మూడవది, సరిహద్దుకు వచ్చి అధికారులకు లొంగిపోయి, స్వదేశంలో ప్రాణభయం ఉందని ఆశ్రయం కోరడం. 1980 నాటి శరణార్థుల చట్టం ఈ హక్కునిచ్చింది. దరఖాస్తు తేలేదాకా మనిషి ఇక్కడే ఉంటాడు; ఆరు నెలలకు పని అనుమతికి అర్హత వస్తుంది. తీర్పు రావడానికి మాత్రం ఏళ్ళు పట్టవచ్చు.

మొత్తం ఎందరు? జనగణన సర్వేలలో కనిపించే విదేశీ సంజాతుల సంఖ్య నుంచి, చట్టబద్ధంగా ఉన్నవారి సంఖ్యను తీసివేసి మిగిలినదాన్ని అంచనాగా చెబుతారు. ప్యూ రిసెర్చ్ సెంటర్ అంచనా ప్రకారం 1990లో 35 లక్షలు, 2007లో 1.22 కోట్లు, 2023లో 1.4 కోట్లు. ఇలాంటి అంచనాలు ఎంత మారగలవో భారతీయుల సంఖ్యే చెబుతుంది. 2021కి ప్యూ లెక్క 7.25 లక్షలయితే, 2022 జనవరికి హోమ్‌లాండ్ సెక్యూరిటీ లెక్క 2.2 లక్షలు. టీవీ చర్చలో ఎవరైనా ఒక అంకెను శిలాశాసనంలా చదివితే ఈ తేడాను గుర్తుచేసుకోవాలి.

ఈ విషయం మనకు దూరమైనదేమీ కాదు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ ప్రభుత్వమే పన్నిన ఉచ్చు అని తేలినప్పుడు, అరెస్టయిన విద్యార్థులలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. చేర్పించిన దళారులలోనూ తెలుగువాళ్ళున్నారు. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానంలో 104 మంది భారతీయులున్నారు. ‘వాళ్ళు’ అన్న మాటలో మనవాళ్ళు కూడా ఉన్నారు.

సరిహద్దు దగ్గర చేసిన వైద్యం

రెండవ ప్రపంచయుద్ధం నాటి కార్మికుల కొరతను తీర్చుకోవడానికి అమెరికా 1942లో మెక్సికోతో ఒప్పందం చేసుకుంది. ‘బ్రసేరో’ పేరుతో 1964 వరకు సాగిన ఆ పథకం కింద సుమారు 46 లక్షల కాంట్రాక్టులు జరిగాయి. పథకం ఉన్నా 1950ల మొదట్లో అక్రమంగా వచ్చేవారు పెరుగుతూనే పోయారు. 1954లో పెద్ద ఎత్తున ఏరివేత జరిగింది. అందులో అమెరికన్ పౌరులు కూడా చిక్కి దేశం దాటించబడ్డారు. ఆ ఏడు పది లక్షలు దాటిన పట్టివేతలు రెండేళ్ళలో లక్షకు లోపుకు పడిపోయాయి. దీన్ని ఏరివేత విజయంగా చెప్పేవారు ఒక సంగతి వదిలేస్తారు. అదే కాలంలో బ్రసేరో అనుమతులను పెంచుతూ పోయి, 1956 నాటికి ఏడాదికి నాలుగు లక్షలు దాటించారు. ఒకచోట దారి మూసి, పక్కనే దారి తెరిచారు.

1964లో ఆ దారి మూతపడింది. తరువాత వచ్చిన చట్టాలు పశ్చిమార్ధగోళపు వలసల మీద తొలిసారిగా సంఖ్యాపరిమితి పెట్టాయి. 1976 సవరణతో మెక్సికోకు కూడా ఏడాదికి 20 వేల పరిమితి వర్తించింది. పొలాలు అవే, యజమానులు వాళ్ళే, పనివాళ్ళు వాళ్ళే. మారినది కాగితం. నిన్నటిదాకా చట్టబద్ధంగా జరిగిన రాకపోకలు అక్రమమయ్యాయి. అయినా చాలామంది పంటకాలంలో వచ్చి, పని ముగిశాక ఇంటికి వెళ్ళిపోతుండేవారు.

1993లో ఎల్ పాసో దగ్గర, 1994లో శాన్ డియేగో దగ్గర కాపలా బిగించారు. 1990ల మొదట్లో సుమారు నాలుగు వేలమంది ఉన్న సరిహద్దు గస్తీ దళం 2010 నాటికి ఇరవై వేలు దాటింది. పట్టణాల దగ్గర దారి మూయడంతో జనం అరిజోనా ఎడారికి మళ్ళారు. చావులు పెరిగాయి, దాటించే దళారుల రుసుము పెరిగింది. సమాజశాస్త్రవేత్తలు డగ్లస్ మాసీ, హోర్హె డురాండ్ మెక్సికన్ గ్రామాలలో దశాబ్దాలపాటు సేకరించిన సమాచారం ఒక ఊహించని ఫలితాన్ని చూపించింది. దాటడం కష్టమూ ఖరీదూ అయ్యేసరికి, ఒకసారి వచ్చినవారు తిరిగి వెళ్ళడం మానేశారు, కుటుంబాలనూ రప్పించుకున్నారు. వచ్చేవారిని ఆపడానికి వేసిన తలుపు, వెళ్ళేవారిని కూడా లోపలే ఉంచేసింది.

అయితే కాపలా ఎప్పుడూ పనిచేయదనడం కూడా సత్యం కాదు. 2023 డిసెంబరులో ఒక్క నెలలోనే సుమారు రెండున్నర లక్షల పట్టివేతలు జరిగిన దక్షిణ సరిహద్దులో, 2024 మధ్యలో ఆశ్రయ నిబంధనలు కఠినమయ్యాక సంఖ్య బాగా తగ్గింది. 2025లో కొన్ని దశాబ్దాల కనిష్ఠానికి చేరింది. సరిహద్దు మీద అదుపు సాధ్యమేనని వాదించేవారికి ఇది బలమైన సాక్ష్యం. కాని ఇది మూడు దారులలో రెండింటి ముఖద్వారానికే సంబంధించినది. వీసా గడువు దాటినవారి విషయంలోనూ, ఇరవయ్యేళ్ళుగా లోపలే ఉన్నవారి విషయంలోనూ దీనికి జవాబు లేదు.

పని దొరికేచోట

మనిషి ఎడారి దాటేది పనికోసం. పని దొరకకపోతే రాడు. ఈ తర్కంతోనే 1986లో రీగన్ సంతకం చేసిన చట్టం రెండు పనులు కలిపి చేసింది. 1982కి ముందు నుంచి ఉన్నవారితో, వ్యవసాయ కూలీలతో కలిపి సుమారు 27 లక్షలమందికి చట్టబద్ధత ఇచ్చింది. కాగితాలు లేనివారిని తెలిసి పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. మొదటి సగం అమలయింది. రెండవ సగం ‘తెలిసి’ అన్న ఒక్క మాట దగ్గర కుంటుపడింది. మనందరం ఉద్యోగంలో చేరిన రోజున నింపిన ఐ-9 పత్రం అప్పటిదే. పనివాడు చూపిన కాగితం చూడడానికి నిజమైనదిలా ఉంటే చాలు, యజమాని బాధ్యత తీరిపోతుంది.

ఈ లోపాన్ని సరిచేయడానికి, బార్బరా జోర్డన్ అధ్యక్షతన పనిచేసిన సంఘం 1994లో ప్రభుత్వ దత్తాంశాలతో పనివాడి అర్హతను సరిచూసే పద్ధతిని సిఫారసు చేసింది. 1996 చట్టంతో ప్రయోగాత్మకంగా మొదలైనదే నేటి ఇ-వెరిఫై. అరిజోనా రాష్ట్రం 2008 నుంచి దీన్ని యజమానులందరికీ తప్పనిసరి చేసింది. 2011లో సుప్రీం కోర్టు సమర్థించింది. అక్కడ కాగితాలు లేని జనాభా తగ్గిందని ఆర్థికశాస్త్రవేత్తల అధ్యయనాలు చూపాయి. కొందరు లెక్కల్లోకి రాని చిల్లర పనుల్లోకి మళ్ళారని కూడా అవే చూపాయి. పైగా ఇది కాగితాన్ని సరిచూస్తుంది కాని మనిషిని కాదు. మరొకరి పేరు, నంబరు అరువు తెచ్చుకున్నవాడు నెగ్గుకురాగలడు.

ఇన్ని దశాబ్దాలైనా దేశమంతటా ఇది ఎందుకు తప్పనిసరి కాలేదు? రైతులూ నిర్మాణ వ్యాపారులూ పనివాళ్ళు దొరకరని భయపడతారు. పౌరహక్కులవారు ప్రభుత్వ దత్తాంశంలో తప్పు దొర్లితే పౌరుడి ఉద్యోగమే పోతుందంటారు. వలసదారుల పక్షం వహించేవారు ఉన్నవారికి చట్టబద్ధత ఇవ్వకుండా పని మూయడం క్రూరమంటారు. ఈ భయాలలో ఏదీ నిరాధారం కాదు. కాని ఫలితం ఒకటే: గోడ గురించి ఎన్నికల సభల్లో వినబడినంతగా పని ఇచ్చేవాడి గురించి వినబడదు.

మరి ఆ వరుస?

ఇప్పుడు నా మిత్రుడి ప్రశ్నకు వద్దాం. పొలం పనికి హెచ్-2ఎ వీసా ఉంది. దానికి సంఖ్యాపరిమితి లేదు. 2005లో 50 వేలకు లోపే ఉన్న ఈ కొలువులు 2023 నాటికి మూడున్నర లక్షలు దాటాయి. కాని అది పంటకాలపు పనికి మాత్రమే. ఆవు ఏడాది పొడవునా పాలిస్తుంది కనుక డెయిరీ పనికి అది వర్తించదు. వ్యవసాయేతర తాత్కాలిక పనులకు ఉన్న హెచ్-2బికి ఏడాదికి 66 వేల పరిమితి. పెద్ద చదువూ నైపుణ్యమూ అక్కరలేని పనులకు, దేశం మొత్తానికి, ప్రపంచం మొత్తం నుంచి ఏడాదికి దొరికే శాశ్వత వీసాలు 10 వేలకు మించవు. అందులో కుటుంబసభ్యులూ లెక్కలోకి వస్తారు. నా మిత్రుడిది చాలా పొడవైన వరుస. ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వల్ల అది ఇంకా పొడవవుతోంది. పాలపనివాడికి ఆచరణలో వరుసే లేదు.

భార్య పౌరురాలు కదా అనవచ్చు. దొంగదారిన వచ్చినవాడు మామూలుగా స్వదేశానికి వెళ్ళి అక్కడి కాన్సులేటు నుంచి వీసా తెచ్చుకోవాలి. కాని 1996 చట్టం ప్రకారం, ఏడాదికి పైగా అక్రమంగా ఉన్నవాడు దేశం విడిచిన క్షణం నుంచి పదేళ్ళ నిషేధం మొదలవుతుంది. భార్యకు తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపించి మినహాయింపు అడగవచ్చు. దొరుకుతుందన్న హామీ లేదు. తప్పు దిద్దుకోవాలంటే గడప దాటాలి, గడప దాటితే తలుపు మూసుకుంటుంది. అందుకే అతను కదలడు.

దారులు తెరిస్తే చాలన్న వాదనకు కూడా పరిమితి ఉంది. బ్రసేరో తొలిరోజుల్లో దారి ఉన్నా అక్రమ వలస పెరిగింది. 1986లో చట్టబద్ధత ఇచ్చాక, పనిచోట తనిఖీ లేనందువల్ల సంఖ్య మళ్ళీ పెరిగింది. కాగితాలు లేని మెక్సికన్ల సంఖ్య 2007లో 69 లక్షల నుంచి 2022లో 40 లక్షలకు తగ్గిందని ప్యూ చెబుతున్నప్పుడు, దాని వెనక కాపలా ఉంది, 2008 మాంద్యం ఉంది, పెరిగిన హెచ్-2ఎ వీసాలున్నాయి. అంతకుమించి, 1960లలో ఒక్కో తల్లికి దాదాపు ఏడుగురు పిల్లలున్న మెక్సికోలో ఆ సంఖ్య రెండుకు దగ్గర పడడం ఉంది. ఏ చట్టమూ ఆ ఘనత ఒంటరిగా చెప్పుకోలేదు.

చరిత్ర నుంచి నాకు అర్థమైనది ఇది. సరిహద్దు అదుపు, పనిచోట తనిఖీ, అవసరానికి తగిన చట్టబద్ధమైన దారి, త్వరగా వచ్చే తీర్పు: ఈ నాలుగూ కలిసి ఉండాలి. ఒకదాన్నే వాడితే ఒత్తిడి మరొకచోటికి జరుగుతుంది. 2013లో వీటిని కలిపిన బిల్లు సెనేటులో 68-32 ఓట్లతో నెగ్గింది. ప్రతినిధుల సభ చర్చకే తీసుకోలేదు. వలస కోర్టులలో 2012 ప్రాంతంలో మూడు లక్షలుగా ఉన్న పెండింగు కేసులు 2024 చివరికి 35 లక్షలు దాటాయి. అప్పటికి న్యాయమూర్తులు సుమారు 700 మంది ఉన్నారు. అంటే ఒక్కొక్కరికి అయిదు వేల కేసులు. 2025 జులైలో వచ్చిన చట్టం వలసల అదుపుకు సుమారు 17 వేల కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో గోడకు 4,650 కోట్లు, నిర్బంధ కేంద్రాలకు 4,500 కోట్లు. అదే చట్టం వలస న్యాయమూర్తుల సంఖ్యకు మాత్రం 800 అని పరిమితి పెట్టింది.

మిగిలిన ఉపాయాల ఖర్చు మన మీద పడుతుంది. తనిఖీ తప్పనిసరి అయితే అది మనందరికీ వర్తిస్తుంది, పాల ధర పెరగవచ్చు, డెయిరీకి వీసా ఇస్తే కొత్తవాళ్ళు వస్తారు, న్యాయమూర్తులకు పన్ను కట్టాలి. గోడ ఖర్చు కూడా మనదే అయినా అది కంటికి కనబడదు. అందుకే చర్చ దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆ ఇంజనీరు మళ్ళీ కలిసినప్పుడు ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, “అయితే మా వరుస కదలకపోవడానికీ, అతనికి వరుస లేకపోవడానికీ కారణం ఒకే చట్టమన్నమాట” అన్నాడు. అవునన్నాను. ఆ పాలపనివాడు కట్టు విప్పిన మర్నాడే తెల్లవారుజాము నాలుగింటి షిఫ్టుకు వెళ్ళాడు. ఇంకో రెండు వారాలు బరువు ఎత్తవద్దని నేను రాసిచ్చిన కాగితం యజమానికి చూపించాడో లేదో నాకు తెలియదు.