పాత జీపు – కొత్త బాధ్యత

యంత్రానికి వార్ధక్యం రెండు విధాలుగా వస్తుంది. మొదటిది కాలం వల్ల వచ్చేది. రెండవది నిర్లక్ష్యం వల్ల వచ్చేది. మొదటిదాన్ని ఎవరూ ఆపలేరు. రెండవదాన్ని ఆపడం మానవ ప్రయత్నానికి సాధ్యమైన పని. ఈ భేదాన్ని గ్రహించినవాడి చేతిలో నలభై ఏళ్ల జీపు నమ్మకమైన వాహనంగా నిలుస్తుంది. గ్రహించనివాడి చేతిలో నాలుగేళ్ల వాహనం కూడా గుదిబండగా మారుతుంది.

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు, తార్నాకకు నడుమ ఉన్న మెట్టుగూడ ఈ సత్యానికి పొరుగున ఉన్న ప్రాంతం. రైల్వే ఉద్యోగుల నివాసాలకు పేరుపొందిన ఈ ప్రాంతానికి చేరువలోనే లాలాగూడ కార్ఖానా ఉన్నది. నిజాం కాలపు రైల్వే సంస్థ 1893లో దానిని నెలకొల్పింది. అక్కడ రైలుపెట్టె చెడిపోయేదాకా ఎవరూ వేచి ఉండరు. నిర్ణీత గడువు పూర్తి కాగానే పెట్టెను రప్పించి, భాగాలను విడదీసి, చక్రాలను, బేరింగులను, బ్రేకులను పరీక్షించి, తిరిగి పట్టాలపైకి పంపుతారు. మరొక వైపున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1929లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల యంత్రశాస్త్రాన్ని బోధిస్తున్నది. కార్ఖానాలోని క్రమశిక్షణ, కళాశాలలోని శాస్త్రం – ఈ రెండూ పాత జీపు యజమానికి అవసరమైనవే.

జీపు పుట్టింది యుద్ధ అవసరం నుంచి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బాటలు లేని చోట కూడా సైనికులను, సామగ్రిని చేరవేయగల తేలికైన వాహనం అమెరికా సైన్యానికి కావలసి వచ్చింది. 1940లో బాంటమ్ సంస్థ తొలి నమూనాను తయారుచేసింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ సంస్థలు యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే పేరుతో ప్రారంభమైన సంస్థ, 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టింది. దేశ విభజన అనంతరం భాగస్వామి మాలిక్ గులామ్ మొహమ్మద్ పాకిస్థానుకు వెళ్లడంతో 1948లో ఆ సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది.

అప్పటి నుంచి కొన్ని దశాబ్దాలపాటు తెలుగునాట జీపు అంటే ప్రభుత్వమనే భావం పల్లెప్రజల్లో స్థిరపడింది. తహసీల్దారు, పోలీసు అధికారి, అటవీ ఉద్యోగి, ఆనకట్ట కట్టే ఇంజనీరు – అందరూ జీపులోనే ఊళ్లకు వచ్చేవారు. అనంతరం జబల్‌పూరులో సైన్యం కోసం జోంగా వాహనాలు తయారయ్యాయి. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. వీటిలో అనేకం కాలక్రమేణా ప్రభుత్వ, సైనిక వేలాల ద్వారా, చేతులు మారిన అమ్మకాల ద్వారా సామాన్యుల ఇళ్లకు చేరాయి.

ఇటువంటి వాహనాన్ని కొనదలచినవారు మొదట దాని నిర్మాణాన్ని అర్థం చేసుకోవాలి. సాధారణ వాహనంలో ఇంజను శక్తి రెండు చక్రాలకు మాత్రమే చేరుతుంది. జీపులో గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరొక గేర్ల పెట్టె ఉంటుంది. అది శక్తిని పంచి, ఒక ఇరుసు ద్వారా ముందు చక్రాలకు, మరొక ఇరుసు ద్వారా వెనుక చక్రాలకు అందిస్తుంది. బురదలో ఒక ఇరుసు చక్రాలు జారినా, రెండవ ఇరుసు చక్రాలు నేలను పట్టుకొని వాహనాన్ని బయటకు లాగగలవు. పాత విల్లీస్ తరహా జీపుల ట్రాన్స్‌ఫర్ కేసులో ‘లో’ గేరు వేస్తే, చక్రాల వేగం తగ్గి, లాగే బలం సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది.

అయితే ఈ శక్తిని ఎక్కడపడితే అక్కడ వాడరాదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. పాత జీపుల్లో ముందు, వెనుక ఇరుసుల నడుమ ఈ తేడాను సర్దే ఏర్పాటు లేదు. మట్టిలోనైతే చక్రం కొంచెం జారి ఆ తేడాను తానే సర్దుకొంటుంది. పొడి తారురోడ్డుపై జారడానికి వీలుండదు. అప్పుడు ఆ ఒత్తిడి అంతా గేర్లపై, షాఫ్టులపై పడి అవి మెలితిరుగుతాయి. తార్నాక నుంచి సికింద్రాబాదు దాకా నాలుగు చక్రాల గేరు వేసి నడిపేవాడు వాహనానికి బలం చేకూర్చడం లేదు, దాని ఆయువును హరిస్తున్నాడు. నాలుగు టైర్లు ఒకే పరిమాణంలో ఉండాలన్న నియమానికి కూడా కారణం ఇదే.

ఇక కొనుగోలు విషయం. పాత వాహనాన్ని చూడగానే మెరిసే రంగు, పెద్ద టైర్లు, గంభీరమైన ఇంజను ధ్వని మనస్సును ఆకర్షిస్తాయి. అనుభవజ్ఞులు చూసేవి ఇవి కావు. రంగు వేయించవచ్చు, టైర్లు మార్చవచ్చు, ఇంజనును విప్పి బాగుచేయించవచ్చు. మార్చడానికి వీలుకానివి రెండే రెండు – ఒకటి చాసిస్, రెండవది చట్టబద్ధమైన పత్రాలు. పాత జీపు విలువ అంతా ఈ రెండింటిపైనే ఆధారపడి ఉంటుంది.

చాసిస్ అంటే వాహన భారమంతా మోసే ఉక్కు చట్రం. దాన్ని కింద నుంచి, మంచి వెలుతురులో చూడాలి. కమాను పట్టీలు బిగించే చోట్ల, స్టీరింగు పెట్టె అమర్చిన చోట పగుళ్లు ఉన్నాయేమో, వెల్డింగు అతుకులు పడ్డాయేమో పరిశీలించాలి. తుప్పు తిన్న రేకును లప్పంతో పూడ్చి పైన రంగు వేసి అమ్మడం కొత్త కాదు. చిన్న అయస్కాంతాన్ని రేకుకు ఆనిస్తే ఉక్కు ఉన్నచోట అంటుకొంటుంది, మందపాటి లప్పం ఉన్నచోట జారిపోతుంది. ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకొని ఊపితే బేరింగుల అరుగుదల తెలిసిపోతుంది. ఇంజనును పూర్తిగా చల్లబడిన తరువాతనే ప్రారంభింపజేసి చూడాలి. పొగ నీలంగా ఉంటే ఇంజను ఆయిలు మండుతున్నదని, నల్లగా ఉంటే గాలి తక్కువై ఇంధనం ఎక్కువగా పడుతున్నదని అర్థం. వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే రేడియేటరు నీరు సిలిండరులోకి చేరుతున్నదేమో అనుమానించాలి.

పత్రాల పరిశీలన ఇంతకంటే ముఖ్యమైనది. రిజిస్ట్రేషను పత్రంలోని చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య వాహనంపై చెక్కిన సంఖ్యలతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సంఖ్య గీకివేసిన గుర్తులున్న వాహనం ఎంత చౌకగా వచ్చినా అది దొంగసొత్తు కావచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఆ తరువాత అధికారులు వాహనాన్ని పరీక్షించి, అది రోడ్డుపై తిరగడానికి తగినదని తేల్చితేనే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. వేలంలో కొన్న సైనిక వాహనమైతే అమ్మకపు ఉత్తర్వు అసలు ప్రతి చేతికి రావాలి. వేరే రాష్ట్రంలో నమోదైన వాహనమైతే అక్కడి అధికారుల నిరభ్యంతర పత్రం ఉండాలి. 2014లో రాష్ట్రం విడిపోయినందున, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన జీపును హైదరాబాదులో కొనేవారికి కూడా ఇది వర్తిస్తుంది.

ఎందరో పాత వాహనాన్ని కొని, డబ్బు చెల్లించి, పేరు మార్పించుకోవడాన్ని వాయిదా వేస్తారు. అమ్మినవాడు కూడా సొమ్ము చేతికి రాగానే తన బాధ్యత తీరిందనుకొంటాడు. ఇది ఇద్దరికీ ప్రమాదకరమే. రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, ప్రమాదం జరిగితే నష్టపరిహారపు భారం వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే, ఏనాడో అమ్మేసిన జీపు ఎక్కడో ఒకరి ప్రాణం తీస్తే, పాత యజమాని కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. అందుచేత ఫారం 29, ఫారం 30లను నింపి, గడువులోగా యాజమాన్యాన్ని బదిలీ చేయించడం ఉభయులకూ క్షేమం.

మార్పుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెట్రోలు జీపులో డీజిలు ఇంజను అమర్చడం, చాసిస్‌ను కోసి పొడిగించడం ఒకప్పుడు విరివిగా జరిగేవి. తయారీదారు నిర్ణయించిన ప్రమాణాలకు భిన్నంగా వాహన స్వరూపాన్ని మార్చడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 50 ఏళ్లు దాటిన వాహనాల కోసం 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ నియమాలను తెచ్చింది. వాటి ప్రకారం నమోదయ్యే వాహనం తన అసలు రూపంలోనే ఉండాలి. దాన్ని నిత్యం రోడ్డుపై తిప్పడానికి, వ్యాపారానికి వాడడానికి వీలులేదు.

వాహనం ఇంటికి చేరిన తరువాత మొట్టమొదట పట్టించుకోవలసినవి బ్రేకులు. నడవని జీపు వల్ల డబ్బు పోతుంది, ఆగని జీపు వల్ల ప్రాణం పోతుంది. పాత జీపుల్లో బ్రేకు ఆయిలు నాలుగు చక్రాలకు ఒకే మార్గం ద్వారా చేరుతుంది. ఆ మార్గంలో ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి విఫలమవుతాయి. తరువాతి కాలపు వాహనాల్లో రెండు వేర్వేరు మార్గాలు ఏర్పరచడానికి కారణం ఇదే. కనుక పాత రబ్బరు గొట్టాలను, సిలిండరు వాషర్లను పైకి బాగున్నట్లు కనిపించినా మార్పించడం మేలు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. దిగుడు దారిలో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరిగా మారి, పెడలు నొక్కినా ఫలితం లేకుండా చేస్తుంది. అందువల్ల రెండేళ్లకు ఒకసారైనా ఆ ఆయిలును మార్చాలి.

టైర్లకు అరుగుదలతో పాటు వయస్సు కూడా ఉంటుంది. ఈ శతాబ్దపు టైర్లపై తయారైన కాలాన్ని తెలిపే నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. ‘2307’ అని ఉంటే అది 2007వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని తెలుసుకోవాలి. గాళ్లు లోతుగా ఉన్నా రబ్బరు బీటలు వారిన టైరు వేగంలో పగిలిపోయే ప్రమాదం ఉన్నది.

తరువాతి పని క్రమం తప్పని సంరక్షణ. ఇంజను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనుక ఇరుసులు – వీటన్నింటిలోనూ వేర్వేరుగా ఆయిలు ఉంటుంది. ఇంజను ఆయిలును మార్చి తక్కినవాటిని మరచిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. వాగు దాటిన తరువాత ఇరుసు ఆయిలు పాలవలె తెల్లగా మారితే నీరు చేరిందని గ్రహించి వెంటనే మార్చాలి. షాఫ్టుల కీళ్లకు గ్రీజు పట్టించాలి. నీటిలో తడిసిన బ్రేకులు పట్టు కోల్పోతాయి కనుక, గట్టు ఎక్కగానే నెమ్మదిగా నడుపుతూ పెడలును కొద్దికొద్దిగా నొక్కి ఆరబెట్టాలి. చేసిన ప్రతి పనినీ తేదీతో, కిలోమీటర్లతో ఒక పుస్తకంలో వ్రాసుకొంటే, జ్ఞాపకం తప్పినా లెక్క తప్పదు. లాలాగూడ కార్ఖానా నేర్పే పాఠం ఇదే.

మరమ్మతుల విషయానికి వస్తే, పాత జీపుకు నిర్మాణంలోని సరళతే పెద్ద బలం. అందులో కంప్యూటరు లేదు. ప్రతి భాగాన్నీ విప్పవచ్చు, చూడవచ్చు, తిరిగి బిగించవచ్చు. సికింద్రాబాదు రాణీగంజ్‌లోను, హైదరాబాదు పుత్లీబౌలీలోను, 1966లో వెలసిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోను విడిభాగాలు వెదికేవారు, పాత భాగాలకు ప్రాణం పోసేవారు ఉన్నారు. వీరిలో చాలామంది విద్య పుస్తకాల నుంచి వచ్చినది కాదు. గురువు పక్కన కూర్చొని, చేతితో తడిమి, చెవితో విని నేర్చుకొన్నది. శబ్దాన్ని బట్టి ఏ బేరింగు అరిగిందో చెప్పగల నైపుణ్యం అది.

అటువంటి పనివారి ఆరోగ్యం కూడా యజమాని బాధ్యతలో భాగమే. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. దాని సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తరువాత కాన్సరుకు దారితీయవచ్చు. బ్రేకు డ్రమ్ము విప్పి నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదే అలవాటు మానిపించాలి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను జాగ్రత్తగా మూటగట్టి పారవేయించాలి. అలాగే ఒక్క జాకీని నమ్ముకొని వాహనం కిందికి ఎవరూ దూరరాదు. దృఢమైన స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డుకట్టలు వేసిన తరువాతనే కింద పని చేయాలి.

పాత వాహనం చౌక అనుకొని కొనేవారు చివరకు కొత్తదాని వెల చెల్లిస్తారు. దాని చట్రాన్ని, పత్రాలను, బ్రేకులను తెలిసి కొనేవారు ఒక యంత్రంతో పాటు దాని విజ్ఞానాన్నీ సంపాదించుకొంటారు. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్నది తెలుగువారి సామెత. జీపు అడుసు తొక్కడానికే పుట్టిన బండి. కనుక దాని యజమానికి కాలు కడిగే ఓర్పు తప్పనిసరి. ఆ ఓర్పు ఉన్నచోట యంత్రం వయస్సు భారం కాదు. అది లేనిచోట ఆ భారం యజమానితో ఆగదు, దారిన పోయే అపరిచితుడి ప్రాణం మీదికి కూడా వస్తుంది.