గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు చాలుతుందా?

సంగారెడ్డి జిల్లా మనూర్ మండలంలో పొలాలకు వెళితే బోరు మోటార్లు కనిపిస్తాయి. ఒక ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగినన్ని మోటార్లు ఉన్నాక, ఇంకో రెండు తగిలిస్తే ఏమవుతుంది? ఫ్యూజు పోతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. కంప్యూటరులో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించడం కూడా ఇలాంటిదే.

తెర మీది బొమ్మలను లెక్కగట్టేది గ్రాఫిక్స్ కార్డు. వేలు పోసి దాన్ని కొంటారు కాని, దానికి కరెంటు అందించే పెట్టెను పట్టించుకోరు. ఆట మొదలుపెట్టగానే కంప్యూటరు ఆగిపోతే కార్డును తిడతారు. తప్పు కార్డుది కాకపోవచ్చు!

మన ఇంటికి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరుకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పు చేసే పెట్టెనే బజారులో ఎస్‌ఎంపీఎస్ అంటారు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు ముఖ్యంగా 12 వోల్టుల సరఫరా మీదే ఆధారపడతాయి.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు 170 వాట్లు కావాలి. ఐ5-12400 ప్రాసెసరు గట్టిగా పనిచేసేటప్పుడు 117 వాట్లు తీసుకుంటుంది. మదర్‌బోర్డు, డిస్కు, ఫ్యాన్లకు సుమారు 50 అనుకుందాం. మొత్తం 337.

అయితే 350 వాట్ల పెట్టె చాలునా? చాలదు. బోరు మోటారు వేసిన క్షణంలో బల్బు మసకబారడం మీరు చూసే ఉంటారు. కదలడం మొదలుపెట్టేటప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు కూడా పని ఒక్కసారిగా పెరిగినప్పుడు, సెకనులో వెయ్యోవంతు సేపు తన లెక్కను మించి లాగుతుంది. ఆ కుదుపును తట్టుకోలేని పెట్టె ఆగిపోతుంది. అందుకే ఈ కార్డుకు దాని తయారీదారులు 550 వాట్ల పెట్టెను సూచించారు.

పెట్టె మీద పెద్ద అంకె చూసి మోసపోకండి. పక్కనున్న చిన్న పట్టిక చదవండి. పైన 450 వాట్లని ఉండి, 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లే ఉన్నాయనుకోండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 12 × 18 = 216. మన కార్డుకూ ప్రాసెసరుకూ కలిపి 287 కావాలి కదా! అదే గడిలో 45 ఆంపియర్లుంటే 540 వాట్లు వస్తాయి.

తీగలు కూడా చూడాలి. మదర్‌బోర్డులోని గాడి నుంచి కార్డుకు 75 వాట్లకు మించి అందదు. మిగతాది 8 పిన్నుల తీగ ద్వారా రావాలి. అది 150 వాట్ల దాకా ఇస్తుంది. ఆ తీగ పెట్టెకే ఉండాలి, అతుకులు పనికిరావు.

మీ ఊళ్లో వోల్టేజి తగ్గుతూ ఉంటుందా? అయితే ఇంకో గడి చూడండి. కొన్ని పెట్టెలు 200 నుంచి 240 వోల్టుల మధ్యనే పనిచేస్తాయి, కొన్ని 100 నుంచి 240 వరకు. వోల్టేజి పడిపోతే పెట్టె అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది. 230 వోల్టుల వద్ద 400 వాట్లకు 1.7 ఆంపియర్లు చాలు, 180 వద్ద 2.2 కావాలి. కరెంటు పెరిగితే వేడీ పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. ఆ పెట్టెను ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీయగల విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.

మీ బడిలోని కంప్యూటరు పెట్టె మీది పట్టికను మాస్టారిని అడిగి చూడండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయి? ఆర్‌టీఎక్స్ 3060ని అది మోయగలదా? లెక్క మీరే చెయ్యండి.