చెరలో వెలసిన గ్రంథమాల

నిరంకుశ ప్రభుత్వాలు గ్రంథాలను చూచి భయపడటం చరిత్రలో క్రొత్త విషయం కాదు. అయితే ఒక ప్రభుత్వం ఒక జాతిని సంఘంనుండి వెలివేస్తున్న రోజులలో, ఆ ప్రభుత్వం కన్నుల ఎదుటనే, దాని రాజధానీ నగరంలోనే, ఆ జాతివారు ఒక చక్కని గ్రంథమాలను వెలయించడం మాత్రం అరుదైన సంఘటన. 1933 నుండి 1938 వరకు హిట్లరు పాలనలో, బెర్లిన్ నగరంలో నడచిన షోకెన్ ప్రచురణాలయం చరిత్ర అటువంటిది. పుస్తకాలతో నిత్యమూ మసలే ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఈ చరిత్ర తెలిసియుండటం మేలు.

వర్తకుడు, గ్రంథప్రియుడు

సల్మాన్ షోకెన్ 1877 లో, అప్పటి ప్రష్యాలోని పోజెన్ మండలంలో, మార్గోనిన్ అనే చిన్న ఊరిలో, ఒక యూదు వర్తకుని ఇంట జన్మించినాడు. పెద్ద చదువులు చదివే అవకాశం ఆయనకు లభించలేదు. చిన్ననాడే వ్యాపారంలో ప్రవేశించి, అన్న సైమన్‌తో కలసి త్స్వికావ్ పట్టణంలో దుకాణం నడిపినాడు. ఆ వ్యాపారం క్రమంగా విస్తరించి, జర్మనీలో దాదాపు ఇరవై పెద్ద దుకాణాలు గల సంస్థ అయినది. స్టుట్‌గార్ట్, కెమ్నిట్జ్ నగరాలలో వారికొరకు ఎరిక్ మెండెల్‌సోన్ కట్టిన భవనాలు ఆధునిక వాస్తుకళకు ఉదాహరణలుగా పేరొందినవి.

బడిలో దొరకని విద్యను షోకెన్ పుస్తకాలలో వెదకుకొన్నాడు. అరుదైన హీబ్రూ గ్రంథాలనూ వ్రాతప్రతులనూ సేకరించినాడు. మధ్యయుగాల హీబ్రూ కవిత్వాన్ని పరిశోధించడానికి ఒక సంస్థను నెలకొల్పినాడు. అగ్నోన్ అనే హీబ్రూ కథకుడు ఇంకా పేరు రాని రోజులలోనే అతనికి అండగా నిలిచినాడు. ఆ అగ్నోన్‌కే 1966 లో నోబెల్ బహుమానం లభించినది. 1931 లో షోకెన్ బెర్లిన్‌లో స్వంత ప్రచురణాలయం స్థాపించి, ఆ సంవత్సరమే అగ్నోన్ కథా సంపుటాలను హీబ్రూలో ప్రకటించినాడు.

ప్రచురణాలయ నిర్వహణ భారం లాంబర్ట్ ష్నైడర్ వహించినాడు. ఇతడు యూదుడు కాడు. 1925 లో యువకుడైన ష్నైడరే, హీబ్రూ బైబిలును జర్మన్ భాషలోకి క్రొత్తగా అనువదించి ఇమ్మని తత్త్వవేత్త మార్టిన్ బూబర్‌ను కోరినాడు. బూబర్ తన మిత్రుడు ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్‌ను తోడు తీసుకొని ఆ పనికి పూనుకొన్నాడు. 1929 లో రోజెన్‌జ్వైగ్ మరణించినా బూబర్ ఆ పని విడువలేదు. 1961 నాటికి గాని అది పూర్తి కాలేదు. ష్నైడర్‌కు తోడుగా సంపాదకత్వం వహించినవాడు మోరిట్జ్ ష్పిట్జర్ అనే పండితుడు.

అగ్నికి ఆహుతి, ఆపైన ఆకలి

1933 జనవరిలో హిట్లరు అధికారానికి వచ్చినాడు. మే 10 వ తేదీ రాత్రి బెర్లిన్‌లోనూ ఇతర విశ్వవిద్యాలయ నగరాలలోనూ వేలాది గ్రంథాలను దహించినారు. ఆ మంటలలో పుస్తకాలు పడవేసినవారు చదువురాని మూర్ఖులు కారు. విశ్వవిద్యాలయ విద్యార్థులే ఆ కార్యాన్ని నడిపినారు. విద్యారంగంలోనివారు మరువరాని విషయం ఇది. ఆ సంవత్సరమే రచయితలనూ ప్రచురణకర్తలనూ ప్రభుత్వ మండలుల అదుపులోనికి తెచ్చినారు.

అప్పటికి జర్మనీలో ఉన్న యూదులు సుమారు 5 లక్షలు. దేశ జనాభాలో వారు నూటికి ఒకరైనా లేరు. వారిలో చాలమంది తరతరాలుగా జర్మన్ భాషనే మాతృభాషగా, జర్మన్ సాహిత్యాన్నే తమ సొత్తుగా భావించి పెరిగినవారు. హీబ్రూ వారికి రాదు, పూర్వుల గ్రంథాలతో పరిచయం లేదు. ఒక్కసారిగా ‘నీవు మావాడవు కావు’ అని రాజ్యం వారిని వెలివేసినప్పుడు, ‘అయితే నేనెవరిని?’ అనే ప్రశ్న వారిని వేధించినది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగల పుస్తకాలు వారి అలమరలలో లేవు. షోకెన్ గ్రంథమాల పుట్టినది ఆ ఆకలిని తీర్చడానికే.

ఎనభైకి మించిన చిన్న పుస్తకాలు

1933 చివరలో ‘షోకెన్ బ్యూషెరై’, అనగా షోకెన్ గ్రంథమాల, ఆరంభమయినది. పుస్తకాలు చిన్నవి, వెల తక్కువ. అయినా ముద్రణలోనూ అట్టల అందంలోనూ లోపం లేకుండా తీర్చినారు. మొదటి సంపుటం బైబిలులోని యెషయా ప్రవక్త గ్రంథంనుండి 40 మొదలు 55 వరకు గల అధ్యాయాలు. హీబ్రూ మూలమూ, బూబర్, రోజెన్‌జ్వైగ్‌ల జర్మన్ అనువాదమూ కలిపి ముద్రించినారు. ఈ అధ్యాయాలు బాబిలోను చెరలో ఉన్న యూదులకు ఓదార్పుగా చెప్పినవని పండితుల అభిప్రాయం. 1933 లో బెర్లిన్‌లో ఆ పుస్తకం తెరచిన పాఠకునికి ఎవరూ వ్యాఖ్యానం చెప్పవలసిన పనిలేదు. రెండువేల అయిదువందల సంవత్సరాలనాటి చెర అతనికి తన వీధిలోని చెరగానే కనిపించినది.

ఇదే ఈ గ్రంథమాల మర్మం. వర్తమానాన్ని గురించి నోరు విప్పరాదు. కాని పూర్వగాథను పునర్ముద్రించవచ్చును. హైనే మహాకవి వ్రాసిన ‘బాఖరాఖ్ రబ్బీ’ అనే అసంపూర్ణ కథను 1937 లో ఈ మాలలో ప్రకటించినారు. హైనే జన్మతః యూదుడు, జర్మన్ కవులలో అగ్రగణ్యుడు. నాజీలకు ఆయన గిట్టడు. పండుగనాటి రాత్రి భోజనాల బల్ల క్రింద శత్రువులు ఒక శిశువు శవాన్ని రహస్యంగా వేసిపోగా, రానున్న ఘోరాన్ని గ్రహించిన రబ్బీ భార్యతో కూడ ఊరు విడిచి పారిపోవడం ఆ కథలోని వృత్తాంతం. కథ మధ్యయుగాలది, వణికిన గుండెలు 1937 నాటివి.

మైమొనిడీసు వంటి ప్రాచీన తాత్త్వికుల రచనలు, మధ్యయుగ కవిత్వం, అగ్నోన్ కథలు, కార్ల్ వోల్ఫ్‌స్కేల్ పద్యాలు కూడా ఈ మాలలో చేరినవి. స్టిఫ్టర్, డ్రోస్ట హ్యూల్‌షోఫ్ వంటి యూదేతర జర్మన్ రచయితల కథలకు సైతం ఇందులో చోటిచ్చినారు. అయిదేండ్లలో ఎనభైకి మించిన గ్రంథాలు వెలువడినవి. బూబర్‌తో కలసి వయోజన విద్యలో పాటుపడిన ఎర్నెస్ట్ సైమన్, 1959 లో ప్రకటించిన గ్రంథంలో, ఈ విధంగా ప్రాచీన వచనాన్ని వర్తమానానికి అన్వయించి చదవడాన్ని అంతరంగిక ప్రతిఘటనగా వివరించినాడు.

కాఫ్కా గ్రంథాల ప్రయాణం

తెలుగు పాఠకులకు కూడా ఫ్రాంజ్ కాఫ్కా పేరు క్రొత్త కాదు. 1924 లో మరణించేనాటికి ఆయన కొద్దిమందికే తెలిసిన రచయిత. ఆయన మిత్రుడు మాక్స్ బ్రోడ్ ద్వారా ఆ రచనలపై హక్కులను 1934 లో షోకెన్ సంస్థ పొందినది. 1935 లో సంపుటాలు రావడం మొదలయినది. దేశం విడిచి వెళ్లిన రచయిత క్లౌస్ మాన్ ప్రవాసంలోని తన పత్రికలో వాటిని మెచ్చుకొన్నాడు. ఆ మెప్పే ముప్పు తెచ్చినది. నాజీ అధికారుల దృష్టి వాటిపై పడి, ఆ సంవత్సరమే కాఫ్కా పేరు నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేరినది. మిగిలిన సంపుటాలను ప్రాగ్ నగరంలోని ఒక ప్రచురణకర్త పేరుమీద 1936, 1937 లలో వెలువరించినారు. మూల రచయిత ముగ్గురు చెల్లెళ్లూ తరువాత నాజీల మారణకాండలో బలి అయినారు. గ్రంథాలు మాత్రం బ్రతికి బయటపడినవి.

అనుమతి ఎందుకు?

ఇంత క్రూరమైన ప్రభుత్వం ఈ పుస్తకాలను ఎందుకు సహించినదని పాఠకులకు సందేహం కలుగవచ్చును. అది సహనం కాదు, యుక్తి. యూదులను జర్మన్ సంస్కృతినుండి వేరుచేయడం నాజీల ఉద్దేశం. యూదులు యూదు గ్రంథాలనే వ్రాసుకొని, యూదులకే అమ్ముకొంటే ఆ ఉద్దేశం నెరవేరుతుంది. 1937 నాటికి ఈ కట్టడిని శాసనంగానే అమలుపరచినారు. అంటే షోకెన్ గ్రంథమాల తనకు తెలిసే శత్రువు గీసిన గీటు లోపల నడచినది. ప్రభుత్వం తలచిన వేర్పాటుకు ఆ పుస్తకాలు తోడ్పడలేదా? పోవలసిన వేళ జనాన్ని ఓదార్చి నిలిపివేయలేదా? అని అడిగేవారు ఉన్నారు. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు.

అయితే ఆ రోజులలో యూదు ప్రచురణాలయాలు ఓదార్పుతోనే ఊరకుండలేదు. ఫీలో ప్రచురణాలయం 1938 లో ఒక అట్లాసు ప్రకటించినది. వలస పోదలచినవారికి ఏ దేశానికి ఎట్లా వెళ్లవలెనో తెలిపే కరదీపిక అది. జర్మనీలో వెలువడిన చివరి యూదు గ్రంథాలలో అది ఒకటి. ఓదార్చే పుస్తకమూ, దారి చూపే పుస్తకమూ ఒకే అలమరలో ఉండవలసివచ్చిన కాలం అది. మనసు విరిగినవాడు ప్రయాణం సాగించలేడు. తానెవరో తెలిసినవాడు ఎక్కడికి వెళ్లినా బ్రతుకగలడు. ఆ విధంగా చూస్తే షోకెన్ గ్రంథమాల చేసిన మేలు తక్కువది కాదు.

ముగింపు, మరల ఆరంభం

1938 నవంబరు 9, 10 తేదీలలో దేశమంతటా యూదుల ప్రార్థనా మందిరాలను తగులబెట్టినారు, దుకాణాలను కొల్లగొట్టినారు. ఆ నెలలోనే మిగిలిన యూదు పిల్లలను జర్మన్ పాఠశాలలనుండి వెళ్లగొట్టినారు. యూదు ప్రచురణాలయాలన్నింటినీ మూసివేయించినారు. షోకెన్ దుకాణాలు కూడా ఆ సంవత్సరమే పరుల వశమయినవి.

షోకెన్ 1934 లోనే పాలస్తీనా చేరి ఉన్నాడు. తన గ్రంథ సంచయానికి యెరూషలేములో మెండెల్‌సోన్ చేత భవనం కట్టించినాడు. బూబర్ 1938 లో, ష్పిట్జర్ 1939 లో అక్కడికి చేరినారు. 1945 లో న్యూయార్క్ నగరంలో షోకెన్ మరల ప్రచురణాలయం తెరచినాడు. జర్మనీనుండి తప్పించుకొని వచ్చిన తత్త్వవేత్త హనా ఆరెంట్ అక్కడ కొంతకాలం సంపాదకురాలుగా పనిచేసినది. కాఫ్కా రచనలు ప్రపంచమంతటా వ్యాపించడానికి ఆ సంస్థ ఎంతో తోడ్పడినది. ష్నైడర్ యుద్ధానంతరం జర్మనీలోనే మరల గ్రంథప్రచురణ సాగించినాడు. షోకెన్ 1959 లో స్విట్జర్లాండులో కన్నుమూసినాడు.

బెర్లిన్‌లో ఆ చిన్న పుస్తకాలను కొన్నవారిలో ఎందరో తిరిగిరాలేదు. దేశం విడిచిన కొందరి పెట్టెలలో మాత్రం అవి సముద్రాలు దాటినవి. పాఠశాల గ్రంథాలయంలో ఒక పుస్తకాన్ని విద్యార్థి చేతికి అందించేటప్పుడు ఉపాధ్యాయునికి దాని ఉపయోగం పరీక్షవరకే కనిపించవచ్చును. ఆ పుస్తకం ఎప్పుడు, ఏ ఆపదలో, ఆ విద్యార్థికి తోడు నిలుస్తుందో ముందుగా చెప్పగలవారు లేరు. బెర్లిన్‌లోని ఆ సంపాదకులు ఆ నమ్మకంతోనే, రేపటి దినం తమది అవుతుందో కాదో తెలియని స్థితిలో, ఒక్కొక్క పుటనూ తప్పులు లేకుండా దిద్ది అచ్చుకు పంపినారు.